సిరివెళ్లలో దిగిపోయిన సారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. నంద్యాల ఇంకా జిల్లా కాలేదు, నాకింకా మీసం సరిగ్గా రాలేదు, అయినా వైకల్యం ఉన్న యువతీ యువకులకు నలుగురిలో మెలగడం నేర్పే ఒక చిన్న కేంద్రంలో ‘సారు’నైపోయాను. కొత్తవాళ్లను ఎలా పలకరించాలి, సాయం ఎలా అడగాలి, బస్సులో ఎలా వెళ్లాలి, అన్నీ చార్టుల మీద రంగు పెన్నులతో రాసి గోడలకు అంటించేవాణ్ణి. (నిజానికి కొత్తవాళ్లతో మాట్లాడాల్సి వస్తే నాకే గొంతు పెగిలేది కాదు. ఆ సంగతి ఉద్యోగమిచ్చిన మేడంకు చెప్పలేదు.)

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయిని అందరం గువ్వ అనేవాళ్లం. ఏదైనా నేర్చుకోవడానికి ఆమెకు ఎక్కువ సమయం పట్టేది. ఇంటివాళ్లతో తప్ప ఎవరితోనూ నోరు విప్పేది కాదు. ఆళ్లగడ్డలో గాజుల అంగడి ఉన్న వాళ్ల పిన్నమ్మ, "అంగడికొచ్చే గిరాకీతో రెండు మాటలు మాట్లాడితే సాలు, నా పక్కన కూచోబెట్టుకుంటా" అంది. వాళ్ల నాయనే ఒప్పుకోలేదు. "దానికి ఒంటిగా పోను తెల్దు సారూ. యాడన్నా తప్పిపోతే ఎవుర్ని అడుగుతాది?" అన్నాడు. నేను ఛాతీ విరిచి, "మొదటిసారి నేను పిల్చుకపోతా గదన్నా" అని మాటిచ్చేశాను.

తోడుగా మా కేంద్రంలోనే నేర్చుకునే టైంటేబుల్ అనే అబ్బాయిని కూడా తీసుకెళ్లాను. అతనికి ఆటిజం. నంద్యాల బస్టాండులో ఏ బస్సు ఎన్నింటికి కదులుతుందో అడగకుండానే చెప్పేవాడు, అందుకే ఆ పేరు. బస్సెక్కగానే ఇద్దరికీ పాఠం చెప్పాను, మధ్యలో దిగాల్సి వస్తే ముందు కండక్టరుకు చెప్పాలని. సిరివెళ్లలో బస్సు ఆగింది. పొద్దున తాగిన రెండు చెంబుల మజ్జిగ నన్ను తొందరపెట్టింది. కండక్టరుకు చెప్పడానికి సిగ్గేసి, చడీచప్పుడు లేకుండా దిగి బస్టాండు వెనక్కి పోయాను. తిరిగి వచ్చేసరికి బస్సు కదిలిపోయింది.

నా జన్మలో అలా పరిగెత్తలేదు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. ఆ ఇద్దరికీ ఏమైనా అయితే ఇంటివాళ్లకు ముఖం ఎలా చూపించాలని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో అల్లంత దూరాన బస్సు ఆగింది.

లోపల జరిగింది తర్వాత కండక్టరే చెప్పాడు. గువ్వ లేచి, కడ్డీ పట్టుకుని ముందుకు పోయి, "అప్పా, బండి నిలపు. మా సారు కిందనే ఉండాడు" అందట. "వెనక బండిలో వస్తాడులేమ్మా" అని కండక్టరు అంటే, "రాడు. ఆయప్పకు ఒంటిగా రాను తెల్దు" అందట. (నేను వారం రోజులు నేర్పిన ‘దయచేసి’, ‘క్షమించండి’ ఒక్కటీ వాడలేదు.) బస్సంతా నవ్వింది, డ్రైవరు బ్రేకు వేశాడు. నేను రొప్పుతూ ఎక్కితే కండక్టరు ఎగాదిగా చూసి, "ఏమప్పా, పాపకు చెప్పకుండా దిగితే ఎట్ల?" అన్నాడు. టైంటేబుల్ వాచీ చూసుకుని, "నాలుగు నిమిషాలు లేటు" అన్నాడు. గువ్వ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, మళ్లీ లేవకుండా తను ఇవతల కూర్చుంది.

అంగడి మెట్లెక్కకముందే టైంటేబుల్ ఈ కథంతా పిన్నమ్మకు చెప్పేశాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, అక్కడినుంచే గువ్వ నాయనకు ఫోన్ చేసింది. "బావా, రేపట్నుంచి పంపు. బస్సునే నిలిపిన పిల్లకు గిరాకీ ఒక లెక్కా?" ఆయన, "నిజంగానే మాట్లాడిందా?" అని ఒక్కటే అడిగాడట.

ఇప్పుడు ఆ అంగడిలో మా అమ్మాయికి గాజులు వేసేది గువ్వే, చెయ్యి నొప్పి పుట్టకుండా. ఒంటి చెప్పుతో బస్సెక్కిన ఆ కుర్రాడు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. నేర్పడానికి వచ్చాననుకున్నాడు పాపం. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా కోసం అంత గట్టిగా నోరు విప్పినవాళ్లు మరొకరు లేరు.