సున్నా ఆరు సున్నా

ఇంజను చక్రాలు లెక్కపెట్టడం నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను. డెబ్బైల మొదట్లో సంగతి. హుస్నాబాద్ దగ్గరి మా ఊళ్లో మగ్గం పని సాగక, ఇరవై నాలుగేళ్ల వయసులో పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుబాయికి వచ్చాను. బాయి నుంచి పెద్ద రైలుస్టేషను దాకా బొగ్గు మోసే సొంత లైను ఉండేది. ఆ లైను మీది ఆవిరి ఇంజన్లలో ఫైర్‌మన్‌గా, అంటే పొయ్యిలోకి పారతో బొగ్గు విసిరే పనికి పెట్టుకున్నారు.

మా డ్రైవరు యాభై దాటినవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. మొదటి రోజే నన్ను పెద్ద ఇంజను ముందు నిలబెట్టాడు.

"ఎన్ని గిర్రలున్నయ్‌రా దీనికి?"

ఒక పక్క నడిచి లెక్కపెట్టి, రెండింతలు చేసి, ఇరవై అన్నాను. పార కర్ర నా పిక్క మీద పడింది.

"ఎనక బొగ్గు మోసే డబ్బా గిర్రలు ఎవడు లెక్కవెట్టమన్నడు? ఇంజను కిందియే చెప్పాలె."

పన్నెండు అన్నాను. ఈసారి తొడ మీద కొట్టాడు.

"అన్నీ కలిపి కాదు. ముందటియి, నడిమియి, ఎనకటియి. యాడియి ఆడ చెప్పు."

రెండు-ఎనిమిది-రెండు అని నోటికి వచ్చేసరికి నేను కుంటుతున్నాను. ముందున్న రెండు చిన్న చక్రాలు మలుపుల్లో ఇంజనుకు దారి చూపుతాయి. నడుమ కడ్డీలతో కలిపి కట్టిన ఎనిమిది బండిని లాగుతాయి. వెనక రెండూ పొయ్యి బరువు మోస్తాయి. పెద్ద లైను మీద పరుగెత్తే పాసింజరు ఇంజను నాలుగు-ఆరు-రెండు. ఫ్రాన్సు వాళ్లయితే చక్రాలు కాదు, ఇరుసులు లెక్కపెడతారట. వాళ్ల లెక్కలో మా పెద్ద ఇంజను ఒకటి-నాలుగు-ఒకటి. ఇవన్నీ ఉస్తాద్ నోట విన్నవే. ఒక్కో పాఠానికీ ఒంటి మీద ఒక్కో చోట కమిలేది.

యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ జరపడానికి చిన్న ఇంజను ఒకటి ఉండేది. దానికి ఉన్నవి ఆరే చక్రాలు, ఆరూ లాగేవే. సున్నా-ఆరు-సున్నా. ఉస్తాద్ దాన్ని మనిషి నడిచే వేగం దాటనిచ్చేవాడు కాదు.

"ముందట సున్నా ఉంటె ఇంజనుకు కండ్లు లేనట్టు. మలుపుల ఉరికిచ్చినవా, పట్టా ఎక్కి దుంకుతది," అనేవాడు.

నా వీపు మీద కమిలిన గుర్తులు చూసి మా ఆవిడ పళ్లు కొరికేది. "గా ముసలోణ్ని గా పొయ్యిలనే ఎయ్యక ఏం జూస్తున్నవ్?" అనేది. నేనూ పార పట్టుకున్న ప్రతిసారీ అదే అనుకునేవాణ్ని.

ఎండాకాలం ఒక పొద్దున పెద్ద ఇంజను గొట్టాలు కారి నిలిచిపోయింది. బొగ్గు నింపిన వ్యాగన్లు సిద్ధంగా ఉన్నాయి. ఫోర్‌మన్ వచ్చాడు. అతనికి ఇద్దరు మనుషులు ఎప్పుడూ వెంట ఉండేవాళ్లు. కూలీలు ఎదురు తిరిగితే కొట్టడమే వాళ్ల పని.

"చిన్నదాన్ని కట్టు. పాసింజరు వచ్చేలోపల బండి స్టేషన్ల ఉండాలె," అన్నాడు ఫోర్‌మన్.

"సాబ్, అది సున్నా-ఆరు-సున్నా. యార్డు దాటి పోదు," అన్నాడు ఉస్తాద్.

ఫోర్‌మన్ అతని అంగీ పట్టి లాగి, అందరి ముందర చెంప పగలగొట్టాడు. జేబు చిరిగి వేలాడింది. ఉస్తాద్ దెబ్బ తినడం నేను చూడటం అదే మొదలు. నాకు సంతోషమైంది. అది దాచను.

ఉస్తాద్ పెదవి మీది నెత్తురు తుడుచుకుని, "రాసియ్యి సాబ్. ఏ ఇంజనో గూడ రాయి," అన్నాడు.

ఫోర్‌మన్ నవ్వాడు. చిన్న కాగితం చింపి పైన 0-6-0 అని వేసి, కింద ఇంగ్లీషులో ఒక ముక్క రాసి, సంతకం గీకాడు. ఉస్తాద్ దాన్ని నా చేతికిచ్చాడు. "నా జేబు పాయె. నీ తాన వెట్టుకో."

బయలుదేరాం. పట్టాలు కలిసే చోట పాయింట్లు మార్చే మనిషి ఒకడు ఇంజను ముందు మెట్టు మీద నిలబడి వస్తున్నాడు. అతని అన్నలు కూడా బాయిలోనే పనిచేసేవాళ్లు. వాగు దాకా బాగానే నడిపాడు ఉస్తాద్. తర్వాత దూరంగా పాసింజరు కూత వినిపించింది. చెంప దెబ్బ గుర్తొచ్చిందో, ఆలస్యమైతే ఇంకో దెబ్బ పడుతుందనుకున్నాడో, ఆవిరి పెంచాడు. అక్కణ్నుంచి దిగుడు. వెనక నుంచి వ్యాగన్ల బరువు నెట్టింది. ఇంజను ముక్కు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది.

"ఉస్తాద్, మలుపు!" అని అరిచాను.

బ్రేకు వేశాడు. అప్పటికే ముందు చక్రం పట్టా ఎక్కింది. ఒక్క కుదుపు. ఇంజను పక్కకు ఒరిగి గట్టు కిందికి దొర్లింది. నన్ను తలుపులోంచి తుమ్మచెట్లలోకి విసిరేసింది. లేచి చూస్తే ఆవిరి బుసకొడుతోంది. పగిలిన గొట్టం ముందు ఉస్తాద్ రెండు చేతులూ ఇరుక్కున్నాయి. లాగాను. మోచేతుల నుంచి చర్మమంతా చొక్కా చేతుల్లాగా ఊడి వచ్చింది. ముందు మెట్టు మీది మనిషి ఇంజను కింద ఉన్నాడు. అతని చెప్పు ఒకటే బయట కనిపించింది.

చనిపోయినవాడి అన్నలు బాయి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్లతో ఇంకో ఇరవై మంది. ఉస్తాద్ తాగి నడిపాడని వాళ్లకు అప్పటికే ఎవరో చెప్పారు. కాలిన చేతులు గాలిలో పెట్టుకుని కూర్చున్న మనిషిని బూట్లతో తన్నారు. నేను వెంటనే అడ్డం పోలేదు. నాలుగైదు తన్నులు చూస్తూ నిలబడ్డాను. ఎముక విరిగిన చప్పుడు వినపడ్డాక మీద పడి కప్పుకున్నాను. మిగతావి నా వీపుకు తగిలాయి.

విచారణకు పై ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. తను చెప్పలేదనీ, డ్రైవరే తాగి చిన్న ఇంజను తీసుకుపోయాడనీ ఫోర్‌మన్ రాసిచ్చాడు. విచారణ ముందురోజు మధ్యాహ్నం అతని మనుషులిద్దరూ బొగ్గు కుప్పల వెనక నన్ను పట్టుకున్నారు. లావుపాటివాడు నా నోట్లో పిడికెడు బొగ్గుపొడి కుక్కి, నెత్తి పట్టి వ్యాగన్ చక్రానికి కొట్టాడు.

"సాబ్ రాసిచ్చిన హుకుం యాడుందిరా?"

జేబులు వెతికారు. కాగితం దొరికింది. వాడికి ఇంగ్లీషు రాదు. అంకెలు చూసి రెండోవాడికి చూపించి పకపకా నవ్వాడు.

"మట్కా చీటి! సున్నా, ఆరు, సున్నా. గిది తగిలిందారా నీకు?" అని కాగితం నా మొహాన విసిరికొట్టాడు. "నోరు తెరిస్తె నీ పెండ్లాం ముండమోస్తది."

రెండు పళ్లు ఉమ్మేసి, ఆ చీటీ వెతికి తీసుకున్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిడతో అంతా చెప్పాను. ఊరికి పోదామంటుందేమో అనుకున్నాను. ఆమె నా నోరు ఉప్పునీళ్లతో కడిగి, "నిజం చెప్పకపోతె ఆ నోట్లె మిగిలిన పండ్లు ఎందుకు నీకు?" అంది.

చెప్పాను. మర్నాడు విచారణలో చీటీ బల్ల మీద పెట్టాను. అంకెలకు అర్థం ఏమిటని ఆఫీసరు అడిగితే, ముందు చక్రాలు లేకపోవడం అంటే ఏమిటో వివరించాను. వేగంగా పోయామా అన్నాడు. పోయామన్నాను. డ్రైవరు తాగాడా అంటే లేదన్నాను. ఫోర్‌మన్‌ను వేరే బాయికి మార్చారు, అంతే. ఉస్తాద్ మీద తాగుడు నింద పోయింది, ఉద్యోగమూ పోయింది.

వారం తర్వాత షెడ్డు దగ్గర ఆ లావుపాటివాడు నన్ను చూసి, "ఏం, మట్కా?" అని నవ్వాడు. నా చేతిలో పార ఉంది. భుజం మీద కొట్టాను. కింద పడ్డాక మళ్లీ కొట్టాను. ఎన్నిసార్లో లెక్కలేదు. నలుగురు కలిసి లాగారు.

ఠాణాలో మూడు రోజులున్నాను. రెండో రోజు ఉస్తాద్ వచ్చాడు. రెండు చేతులకూ కట్లు. టిఫిన్ డబ్బా మెడకు తగిలించుకున్నాడు.

"ఎందుకు కొట్టినవ్‌రా అంతగనం?"

"నువ్వే నేర్పినవ్ గద ఉస్తాద్."

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత, తను కూడా పొద్దుటి నుంచి తినలేదన్నాడు. నేనే అన్నం కలిపి అతనికి ముద్దలు పెట్టాను. మధ్యలో ఒకసారి మెతుకులు కట్ల మీద రాలాయి. అవి ఏరి తీశాను.

ఆ కొట్లాటతో నా పనీ పోయాక సిరిసిల్లకు చేరి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేశాను. ఆ లావుపాటివాడి కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదని తర్వాత తెలిసింది. కొన్నేళ్లకు మా తమ్ముడికి సాంచా నడపడం నేర్పుతున్నాను. వరసగా మూడుసార్లు పోగు తెంపాడు. చేతికందిన కర్రతో పిక్క మీద కొట్టాను. వాడు ఏడవలేదు, తిట్టలేదు. సాంచా ఆపేసి, చెప్పులు వేసుకుని, బస్సెక్కి వెళ్లిపోయాడు. రెండేళ్లు నాతో మాట్లాడలేదు.