మా లంకలో తెల్లవారుజాము వాన

కృష్ణా నది మధ్యలో నిక్షేపంగా బతుకుతున్న ఒక లంకను, ఆకాశం నుంచి ఒక్క చినుకు రాలకుండానే, నేను వానలో ముంచేసిన వైనం ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వదలచుకున్నవాళ్ళు మొహమాటపడకుండా నవ్వండి. ఆనాడు నన్ను తిట్టాల్సినవాళ్ళే తిట్టలేదు, మీకు మిగిలింది నవ్వడమే.

డెబ్బైల మొదట్లో మాట. విజయవాడలో బస్సెక్కి, కంకిపాడులో దిగి, కరకట్ట దాకా నడిచి, ఇసుకలో ఇంకాస్త కాళ్ళీడ్చి, పడవెక్కితే వచ్చే లంక అది. అరవై గడపలు, ఒక బడి, ఆ బడికి ఒకే ఒక మాస్టారు. ఆ మాస్టారు నేనే. ఇరవై మూడేళ్ళ వయసు, మొలవాలా వద్దా అని ఆలోచిస్తున్న మీసం, బోలెడంత తీరిక. సాయంత్రాలు ఏటి ఒడ్డున ఇసుకలో వెల్లకిలా పడుకుని మబ్బుల్ని చూస్తుంటే, ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి, ఎటు పోతాయి, ఎవరో ఒకరు రాసి పెట్టుకోవద్దా అని దిగులేసేది. ఎవరూ రాయడం లేదు గనుక ఆ భారం భగవంతుడు నా మీదే పెట్టాడని తీర్మానించుకున్నాను.

ఒక ఆదివారం వన్ టౌన్ వెళ్ళి, రాగిపాత్రలవాళ్ళ కొట్లో ఒక గరాటు చేయించాను. మందుల షాపులో గీతలున్న గాజు గ్లాసు కొన్నాను. నేను అద్దెకున్న ఇంటి పెరట్లో ఇటుకలతో నడుమెత్తు గద్దె కట్టి, దాని మీద సీసా, సీసా మూతి మీద గరాటు నిలబెట్టాను. పడిన వాన గరాటులోంచి సీసాలోకి దిగుతుంది. పొద్దున్నే ఆ నీళ్ళు గ్లాసులోకి వంచి, గరాటు వెడల్పుతో లెక్క కడితే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో తెలుస్తుంది. శాస్త్రం మొత్తం ఇంతే.

కానీ శాస్త్రమంటే నిష్ఠ ఉండాలి గదా! తలస్నానం చేసి, చెప్పులు దూరంగా విడిచి, గరాటు ఎటైనా ఒరిగిందేమోనని చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి చూసి, అప్పుడు నోటుబుక్కు తీసేవాణ్ణి. “ఉదయం ఎనిమిదిన్నర. గాలి తూర్పు నుంచి, ఏదో చెప్పబోయి మానుకున్నట్టుగా. ఏటి మీద పొగమంచు. అవతలి ఒడ్డు ఇవాళ లేదు.” ఇలా ఉండేవి నా రాతలు. ఇప్పుడు చదువుకుంటే, వాతావరణం కన్నా రాసినవాడి పరిస్థితే బాగా తెలుస్తోంది.

ఇంటివారు వెంకట్రామయ్య గారు పసుపు పండించే రైతు. ఆయనకి నా మీద అపారమైన గురి. దానికి కారణం, ఆ కార్తీకంలో తుఫాను వస్తుందని నేను ఒక రోజు ముందే చెప్పడం. ట్రాన్సిస్టర్‌లో విని చెప్పానన్న సంగతి మీకు చెబుతున్నాను గాని ఆయనకి చెప్పలేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ప్రాణం పోకడ మాటేమో గాని, వాన రాకడ మాత్రం మా మాస్టారికి తెలుసని లంకంతా చెప్పుకున్నారు. వడియాలు పెట్టుకోవాలన్నా నన్నే అడిగేవారు.

మాఘమాసం వచ్చింది. ఒక పొద్దున చూద్దును గదా, సీసాలో నీళ్ళు! ఆకాశం అద్దంలా ఉంది. గ్లాసులోకి వంచాను. సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు. మర్నాడు నాలుగు. ఆ మర్నాడూ నాలుగు. సోమవారం ఎనిమిది. మంగళవారం మళ్ళీ బుద్ధిగా నాలుగు.

బుద్ధున్నవాడెవడైనా అక్కడ అనుమానపడేవాడు. నేను మాత్రం ప్రకృతి క్రమశిక్షణకి పులకించిపోయాను.

ఆ వానని తలుచుకుంటూ నా గదిలో తలుపేసుకుని పడుకునేవాణ్ణి. ఏరు రాత్రంతా వెచ్చగా ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి పలచటి మబ్బై లంక మీద నిలుస్తుంది. కోడి కూసే వేళకి మెల్లగా, ఎవరికీ నిద్రాభంగం కాకుండా, అరిటాకుల మీదికి దిగి వెళ్ళిపోతుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఆ వాన మీద ప్రేమ పుట్టింది. లేచి చూద్దామని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. చూస్తే మాయమైపోతుందేమోనని భయం కొంత, బద్ధకం చాలా.

అప్పుడే వెంకట్రామయ్య గారు పసుపు తవ్వించి పాకలో కుప్ప పోశారు. పచ్చి పసుపుని ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టాలి. ఎండుతుండగా తడిసిందా, రంగు చెడి ఎవరూ కొనరు. అలాగని ఉడకబెట్టకుండా ఉంచితే కుప్పలోనే కుళ్ళిపోతుంది. ఆ ఇంటికి ఏడాది తిండీ బట్టా ఆ కుప్పే.

“మేస్టారూ, రేపు బాన పొయ్యెక్కిద్దామనుకుంటున్నా. ఏవంటారు?”

“ఆగండి. రోజూ తెల్లవారుజామున వాన పడుతోంది.”

“వానా? నేను పాక ముందరే మంచమేసుకుని పడుకుంటున్నానండీ. చినుకు కూడా తగల్లేదే?”

“సన్నటి వానండీ. తగిలినట్టు తెలియదు.”

“మరి నేల తడవలేదేంటి?”

“పీల్చేసుకుందండీ.”

“మంచం మీద దుప్పటి కూడా పీల్చేసుకుందంటారా?”

నేను గ్లాసు చూపించాను. ఆయన నేల వంక చూశారు, గ్లాసు వంక చూశారు. గ్లాసుకి గీతలున్నాయి, నేలకి లేవు. గ్లాసే నెగ్గింది.

“చదువుకున్నోరు మీరు. మీరు చెప్పాక ఉడకబెడతాలెండి,” అని వెళ్ళిపోయారు.

పది రోజులు గడిచాయి. సీసాలో నాలుగు మిల్లీమీటర్లు తప్పడం లేదు. ఒకనాడు గరాటులో మారేడాకు కనిపించింది. మా లంకలో మారేడు చెట్టే లేదు. “పైగాలి బలంగా ఉంది. అవతలి ఒడ్డు నుంచి ఆకులు మోసుకొస్తోంది,” అని రాసుకున్నాను. పాకలోంచి పుల్లటి వాసన మొదలైంది. వెంకట్రామయ్య గారు పొద్దునా సాయంత్రం కుప్పలో చెయ్యి పెట్టి, మెత్తబడిన కొమ్ములు ఏరి పారేస్తున్నారు. అది చూస్తే నాకు గుండె కలుక్కుమనేది. అయినా నా గ్లాసుని నేనెలా కాదనను?

శివరాత్రి వచ్చింది. ఆ ఉదయం గద్దె దగ్గరికి వెళ్ళేసరికి సీసా పొంగి పొర్లుతోంది. అందులో ఉన్నవి నీళ్ళు కావు. తెల్లగా, చిక్కగా, జిగటగా ఉంది. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. తియ్యగా ఉంది!

నా కళ్ళు చెమర్చాయి. గ్లాసు నింపుకుని వీధిలోకి పరిగెత్తాను.

“పాలవాన! మన లంకలో పాలవాన పడిందండోయ్!”

లంకంతా పోగైంది. వెంకట్రామయ్య గారు అందర్నీ తోసుకుంటూ వచ్చారు.

“పాలవానైతే నా పసుపుని ఏం చెయ్యమంటారు మేస్టారూ? అది చెప్పండి ముందు!”

ఆయన గ్లాసు లాక్కుని వాసన చూశారు. మొహం చిట్లించారు.

“నెయ్యి వాసనొస్తుందేంటండీ?”

“పాలల్లో నెయ్యి ఉంటుంది గదండీ,” అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

“అరటిపండు ముక్క కూడా ఉంది. పాలల్లో అరటిపండు ఉంటుందా?”

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి ఆయన తల్లి మాణిక్యమ్మ గారి కేక వినపడింది.

“ఎవర్రా స్వామి పంచామృతం పట్టుకుపోయింది? ఇంకా రెండు చెంబులు పొయ్యాలి!”

అందరం పెరట్లోకి నడిచాం. తడిచీరతో, చేతిలో రాగి చెంబుతో ఆవిడ నిలబడి ఉంది. నా గరాటుకి అప్పుడే పెట్టిన మూడు విభూతి రేఖలు, కింద ఇటుకలకి పసుపు, పక్కన కొబ్బరి చెక్క.

“అమ్మా, ఇందులో నువ్వు పోస్తున్నావా?” అన్నారు వెంకట్రామయ్య గారు సన్నగా.

“రోజూ ఒక చెంబు, సోమవారం రెండు. పొద్దు పొడవకముందే పోసేస్తా, మేస్టారి పూజకి అడ్డం రాకుండా.”

“పూజేంటండీ?” అన్నాను.

“దాస్తావేం నాయనా? తలంటుకుని వస్తావు, చెప్పులిడుస్తావు, మూడు ప్రదక్షిణాలు చేసి వంగి దండం పెడతావు, కూర్చుని రామకోటి రాసుకుంటావు. ఈ వయసులో ఇంత భక్తి మా ఇంట్లో ఒక్కడికన్నా ఉందా? మారేడాకుల కోసం పడవెక్కి పోయొచ్చా మొన్న.”

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మా లంకలో మాణిక్యమ్మ గారి చెంబు లేనిదే వానైనా పడలేదు.

“ఇంతకీ ఏం మొక్కుకున్నావే?” అని అడిగారు కొడుకు.

“ఇంకేం మొక్కుతాన్రా? నీ పసుపు ఆరిందాకా చినుకు పడకూడదని!”

ఎవరూ నవ్వలేదు. వెంకట్రామయ్య గారు గద్దె పక్కన చతికిలబడి, నెమ్మదిగా అన్నారు.

“ఒక్కసారి తలకాయెత్తి పైకి చూడలేకపోయారా మేస్టారూ?”

తిట్టినా బాగుండేది. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. వెళ్ళి కట్టెలు మోయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి బాన పొయ్యెక్కింది. బడి అయ్యాక ప్రతి సాయంత్రం నేనే పసుపు తిరగేశాను. చేతులు మోచేతుల దాకా పచ్చబడ్డాయి, పిల్లలు నన్ను చూసి పాఠం మానేసి నవ్వారు. పావు కుప్ప కుళ్ళి పోయింది గాని, మిగిలినదంతా బంగారంలా ఎండింది. చినుకు పడలేదు. ఆఖరి గోనె కుట్టిన రోజున వెంకట్రామయ్య గారు నాకు మజ్జిగ ఇచ్చి భుజం తట్టారు. ఆ మజ్జిగ తాగుతూ ఏడ్చాను.

అంతటితో అయిపోయిందనుకున్నారా? చినుకు ఎందుకు పడలేదు? స్వామి మహిమ! పోయిన పావు కుప్ప నా ఖాతాలోనూ, మిగిలిన ముప్పావు స్వామి ఖాతాలోనూ పడ్డాయి. అది వాన కొలిచే సీసా అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. “అయ్యుండొచ్చు. వాన ఆపింది గదా?” అన్నారు.

తొలకరి ముందు ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి, నా గద్దె మీద నాలుగు స్తంభాలతో, రేకుల కప్పుతో చక్కటి మండపం లేచి ఉంది.

“ఇదేంటండీ?” అన్నాను మాణిక్యమ్మ గారితో.

“ఆయన నెత్తిన నీళ్ళు పడితే వాన ఆగిపోతుందని చూశాం గదా నాయనా. అందుకే చెంబులు మానేశాం. మరి వానే నెత్తిన పడితే? అదీ ఆగిపోదూ? కొత్త పసుపు నాటుకోవాలి గదా మేము!”

ఆ ఏడు కుండపోతగా కురిసింది. పడవలు ఆగిపోయాయి, బడిలోకి నీళ్ళొచ్చాయి, నేను బెంచీ మీద నిలబడి పాఠం చెప్పాను. ఆ నాలుగు నెలల నా నోటుబుక్కు మాత్రం ఇప్పటికీ దాచుకున్నాను. ప్రతి పేజీలోనూ ఒకటే మాట: “వాన: సున్నా.”

కనుక, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నీటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో వాన పడుతోందో లేదో చెప్పాల్సి వస్తే, గుమ్మం బయటికి చెయ్యి చాపి చూసి చెబుతాను. ఆ చెయ్యి తడిసినా, దగ్గర్లో చెంబు పట్టుకుని ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే నోరు విప్పుతాను.