వంకర చెవి మట్టి ఎద్దు

ఎద్దుల పండగ పోలా వస్తోందని నెహ్రూ నగర్ రోడ్డు పక్కన మట్టి ఎద్దులు పెట్టారు. కాల్చిన మట్టి వాసనకి శివనాథ్ నది ఒడ్డున పొగలు కక్కే కుమ్మరి బట్టీలు గుర్తొచ్చాయి.

మాది కుండలమ్మే కొట్టు. నా చిన్నప్పుడు సరుకు కోసం ఆ ఒడ్డుకు వెళ్తూ నాన్న దారిలో నాకు పాఠం చెప్పాడు.

"నచ్చినాదని మొకంలో తెలీనీకే. ముందు వంకెట్టాల."

బట్టీ దగ్గర చక్రాల ఎద్దొకటి చూడగానే నా మనసు దాని మీదకి పోయింది. అందుకే మూతి ముడిచి, "చెవి వంకర, కొమ్ము పొట్టి, కన్ను మెల్ల" అన్నాను.

కుమ్మరి దీదీ దాన్ని తిప్పి చూసి, "నిజమే బేటీ" అంటూ పగిలిన పెంకుల కుప్పలోకి విసరబోయింది.

ఆవిడ చేతికి వేలాడిపోయాను. "అంత వంకరేం కాదు దీదీ! కొమ్ము బాగుంది! మెల్లకన్నే అందం!"

నాన్న తల పట్టుకున్నాడు. "సరుకు మనమే పొగిడేస్తే ఇంక బేరమేటాడతానే?"

దీదీ అడిగినంతా ఇచ్చాడు. ఎద్దు నా ఒళ్లో కూర్చుని ఇంటికొచ్చింది. ఆవిడ విసిరేది కాదనీ, అదే ఆవిడ బేరమనీ పెద్దయ్యి నేను కొట్టులో కూర్చున్నాకే తెలిసింది.

ఇవాళ కూడా ఒక ఎద్దునెత్తి చెవికి వంక పెట్టాను.

"అయితే వదిలెయ్యండి ఆంటీ" అని అమ్మేవాడు చెయ్యి చాపాడు.

నా చెయ్యి వదల్లేదు.