రెండో తలుపు ఇస్రాయేలు సారు

పాలమూరు చరిత్ర రాసిన పెద్దలు గద్వాల కోట గురించి రాశారు, వనపర్తి సంస్థానం గురించి రాశారు. ఇస్రాయేలు సారు ఏ కప్పు కిందికి వెళ్లినా కూర్చోవడానికి ముందు "రెండో తలుపేది?" అని గద్దించేవాడన్న సంగతి మాత్రం ఒక్కరూ రాయలేదు. చరిత్రకు ఇది తీరని అన్యాయం. ఆ లోటు పూడ్చే భారం నా మీద పడింది. ఆ ప్రశ్న ఆయన నా చెవిలో అరిచినన్ని సార్లు మరెవరి చెవిలోనూ అరవలేదు మరి.

విపత్తు నిర్వహణ చట్టం వచ్చిన కొత్తలో, అంటే 2007 ప్రాంతంలో, సర్పంచులకూ మున్సిపల్ ఉద్యోగులకూ ఆ చట్టాన్నీ, దాంతోపాటు భవన నిబంధనలనూ బోధించడం ఆయన ఉద్యోగం. గద్వాలలో అరిచి, నాగర్‌కర్నూలులో అరిచి, మిగిలిన గొంతుతో వనపర్తి శిక్షణ హాలుకు వచ్చేవాడు. అక్కడ హాజరు పట్టీ, ఉప్మా చూసుకునేది నేను. ఆయన నవ్వగా నేను చూడలేదు. చాక్‌పీసులతో పాటు కోపం కూడా ప్రభుత్వమే సరఫరా చేసిందేమో అనిపించేది.

ఒకసారి మా తమ్ముడికి సంబంధం చూడటానికి పోతూ, పెద్దమనిషి ఉంటే బాగుంటుందని ఆయన్ని వెంట తీసుకుపోయాను. అది నా జీవితంలోని పెద్ద విపత్తుల్లో ఒకటి. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. సారు మాత్రం నిలబడే ఉన్నాడు.

"రెండో తలుపేది?"

పిల్ల తండ్రి ముఖం ఎర్రబడింది. "ఏంది సార్, పిల్ల నచ్చకపోతే ముంగటి తలుపుకెల్లే పోవచ్చు. దొంగలెక్క ఎన్కకెల్లి పోవుడెందుకు?"

ఆ సంబంధం కుదరలేదు.

ఇంకోసారి బిజినేపల్లి బస్సులో అత్యవసర ద్వారానికి అడ్డంగా ఉల్లిగడ్డ బస్తా కనపడింది. కండక్టరును తిట్టాడు, డ్రైవరును తిట్టాడు, బస్తా తెచ్చిన ముసలామెను తిట్టాడు. ఇంకెక్కడా జాగా లేకపోయేసరికి ఆ బస్తాను తన ఒళ్లో పెట్టుకుని, దిగేదాకా ఆమెను తిడుతూనే వచ్చాడు. ఆమె దిగేటప్పుడు బస్తా కిందికి దించిచ్చిందీ ఆయనే. తిట్టు మాత్రం ఆపలేదు.

మా శిక్షణ హాలుకు రెండో తలుపు ఉండేది. దానికి తాళం కూడా ఉండేది. ఉప్మా తిని సంతకం పెట్టిన సర్పంచులు అటునుంచి జారుకోకుండా మా పై అధికారి వేయించిన తాళం అది. సారు మొదటి రోజే దాన్ని తీయించాడు. మధ్యాహ్నానికి సగం హాలు ఖాళీ. సారు మండిపడ్డాడు. పోతున్నందుకు కాదు, పోయే తీరుకు.

"ఏయ్, తోసుకుంటరేంది? వరుసల పోండ్రి! ముందు ఆడోళ్లు!"

ఆ తర్వాత ప్రతిసారీ పోయేవాళ్లు పోయాక గోడ గడియారం వైపు చూసి, "మొన్నటికంటె జల్ది ఖాళీ అయింది," అని కోపంగానే మెచ్చుకునేవాడు.

ఎప్పుడూ పారిపోకుండా చివరిదాకా కూర్చుని, చెప్పిందల్లా విన్నవాడు ఒకే ఒక్కడు: మున్సిపాలిటీలో భవనాల తనిఖీ చూసే శ్రవణ్ కుమార్. అనర్థం అక్కడే మొదలైంది.

శ్రవణ్ కుమార్ విన్నది చాలక అమలు కూడా చేశాడు. బస్టాండు పక్కన బాలస్వామి అనే ఆయనకు ఒక ఫంక్షన్ హాలు ఉంది. దానికి రాకపోకలన్నీ ఒకే వాకిలి నుంచి. రెండో దారి తెరవకపోతే తాళం వేస్తానని నోటీసు అంటించాడు. ఎల్లుండి అదే హాలులో మాకు రోజూ చాయ్ పోసే హన్మమ్మ బిడ్డ రేఖ పెళ్లి.

మరునాడు హన్మమ్మ చాయ్ పోయలేదు. ఖాళీ కెటిలు తెచ్చి సారు బల్ల మీద ఠప్పున పెట్టింది.

"సారూ, నీ తలుపు మన్నువడ! నా బిడ్డ లగ్గం మీదికే తెస్తివి గద! పిల్లగాని తరఫోళ్లు ఆత్మకూరు నుంచి బండి కట్టుకొని వస్తున్నరు. ఇప్పుడు ఇంకో హాలు యాడ దొరుకుతది?"

"ఆ హాలుకు రెండో తలుపు లేదా?"

"ఎందుకు లేదు? వంటల కాడ ఎన్క దిక్కుంది. బాలస్వామి తాళమేసి వంట గంజులు అడ్డం పెట్టిండు."

సారు లేచాడు. పాఠం మధ్యలో ఆయన హాలు వదిలిపోవడం అదే మొదటిసారి. విధిలేక నేనూ వెంట పోయాను. ఫంక్షన్ హాలు దగ్గర శ్రవణ్ కుమార్ తాళంతో, బాలస్వామి నోటీసుతో ఎదురెదురుగా నిలబడి అరుచుకుంటున్నారు.

"తలుపు తీయనీకె ఏం బీమారి నీకు?" అన్నాడు సారు.

"సార్, ఎన్క తలుపు తీస్తే ఎదురుంగ బస్టాండు," అన్నాడు బాలస్వామి. "బస్సు లేటైనోడల్లా లగ్గానికొస్తడు. పిల్ల తరఫోళ్లు అడిగితే పిల్లగాని తరఫంటడు, పిల్లగాని తరఫోళ్లు అడిగితే పిల్ల తరఫంటడు. మొన్న ఒకడు పెరుగు సాల్తలేదని లొల్లి వెట్టిండు. పిల్ల పేరు సుత తెల్వదు వానికి!"

"అన్నం పోతదని మనుషుల్ని లోపలేసి తాళమేస్తవా? పొయ్యి కాడ మంట లేస్తే ఇంతమంది ఒక్క వాకిట్లకెల్లి ఎట్ల బయట పడ్తరు?"

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న లేసిందా సార్?"

"లేసినంక చెప్పనీకె నువ్వుంటవా?"

శ్రవణ్ కుమార్ మధ్యలో దూరాడు. "సార్, జర సర్దుకొమ్మన్నోని మొఖం చూడొద్దని మీరే చెప్పిండ్రు."

"చెప్పిన! నువ్వు చేసింది కరెక్టే!" అని సారు అతని మీద అరిచాడు. ఆయన పాఠం ఒకరికి గుర్తుండటం ఇదే మొదటిసారి కాబట్టి, ఆ సంతోషం అలా వ్యక్తమై ఉంటుంది.

అప్పుడు హన్మమ్మ అందరికంటే గట్టిగా అరిచింది. "తలుపు తీస్తే నా అన్నం పోతది. తీయకపోతే నా బిడ్డ లగ్గం పోతది. మీ ముగ్గురికీ ఏం పోతది?"

చట్టంలో దానికి జవాబు లేదు.

"తీయవయ్యా," అన్నాడు సారు చివరికి. "ఆ తలుపు కాడ నేనుంట."

పెళ్లిరోజు పొద్దున్నే వచ్చాడు. రెండో తలుపేదని అడగలేదు, నేరుగా దాని దగ్గరికే పోయాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోగానే శ్రవణ్ కుమార్ వచ్చి, "సార్, మీ కుర్చీ అడ్డమైతది. దారి ఖాళీగ ఉండాలె," అన్నాడు. తన పాఠం తనకే తగిలిన గురువుగారు కుర్చీని బయటికి జరుపుకున్నాడు. బయట ఎండ, పక్కన ఎంగిలి విస్తర్ల కుప్ప. అక్కడే కూర్చున్నాడు.

బస్టాండు నుంచి తల దువ్వుకుంటూ వచ్చిన వాళ్లందరికీ ఒకటే ప్రశ్న. "ఎవరి తరఫు?" ఆ ముఖం చూసి తరఫు చెప్పే ధైర్యం ఎవరికీ రాలేదు.

కాసేపటికి మూటలతో ఒక ముసలి జంట వచ్చింది. వలస పోయి తిరిగొస్తున్నట్టున్నారు.

"ఎవరి తరఫు?"

"ఎవరి తరఫు కాదయ్యా," అన్నాడు ముసలాయన. "ఆత్మకూరు బస్సు ఇంక రాలె. తాగనీకె నీళ్లు దొరుకుతయేమోనని..."

"ఎందుకు రాలె బస్సు?" అని అదీ వాళ్ల తప్పే అన్నట్టు కసిరాడు సారు. తర్వాత గొంతు తగ్గించాడు. తగ్గించడమంటే మామూలు మనిషి అరుపంత. "నన్ను ఇంటిల్లిపాది రమ్మన్నది హన్మమ్మ. మా ఆమె రాలె, బిడ్డ రాలె. మీరు నా తరఫు. పోండ్రి, పోయి తినుండ్రి. తోసుకోకుండ పోండ్రి!"

ఉన్నది ఇద్దరే. అయినా వరుసలో పోయారు.

పొద్దు వాలాక హన్మమ్మ విస్తరి తెచ్చి ఆయన ముందు పెట్టింది, తిడుతూనే. "పొద్దటికెల్లి ఎండల కూసుంటివి. పాణం మీద సోయుండదా సారూ?"

"ముందు ఆ గంజు పక్కకు జరుపు. అడ్డముంది."

ఆమె జరిపింది. ఆయన తిన్నాడు.

తిరిగి పోతుంటే ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్నది అడిగేశాను. "సార్, మీ ఇంట్ల ఎవరన్నా మంటల్ల...?"

"ఎవరూ పోలేదు," అన్నాడు విసుగ్గా. "చట్టంల రాసుంది."

ఇదీ ఇస్రాయేలు సారు చరిత్ర. ఆ పెళ్లిలో మంటలేమీ లేవలేదు. వంకాయ కూర మాత్రం కొంచెం అడుగంటింది.