గుర్రం ఎత్తుకుపోయిన పేరు

1911లో, దక్షిణ సముద్రపు దీవుల్లో, లౌటోకా రేవుకు ఎగువన ఉన్న ఒక చెరకు ఎస్టేటు ఆసుపత్రిలో నేను కాంపౌండరుని. డాక్టరు గారు వారానికోసారి వచ్చి చూసిపోయేవారు. మిగతా రోజుల్లో మిక్స్చర్ కలిపేదీ నేనే, డ్రెస్సింగ్ అంటే పుండ్లు కడిగి కట్టు కట్టేదీ నేనే, మంత్రసానికి వేణ్ణీళ్ళు అందించేదీ నేనే. మిక్స్చర్ సీసా ఇచ్చేటప్పుడు తాగేముందు బాగా కుదపమని చెప్పడం మా పద్ధతి. ఆ ఏడు నేను సీసా బదులు నాలుక కుదిపాను. నా తెలివి చూపించుకోవాలన్న దురదతో ఒక మనిషి పేరుకు అర్థం చెప్పాను. దురదకు నా దగ్గర మూడు రకాల మందులుండేవి. ఆ రకం దురదకే లేకపోయింది.

ఆ మనిషి పేరు సుహైల్. బందరు వైపు తెలుగువాడు, ముసల్మాను. మా లైన్లలో, అంటే కూలీల గదుల వరసల్లో, మస్తాన్లూ ఖాసింలూ హుసేనులూ పిలిస్తే పదిమంది పలికేవారు. సుహైల్ మాత్రం ఒక్కడే. అరచేతి గాయానికి కట్టు కట్టించుకుంటూ ఒకసారి ఆ పేరు సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న ఓడ కళాసీ. రేవుకు వచ్చే అరబ్బు నావికులకు దక్షిణపు దిక్కు చూపించే చుక్క ఒకటుందట. దాని పేరే సుహైల్. ఆ మాటకు వెలుగు అని కొందరూ, సులువు అని కొందరూ అర్థం చెబుతారట. తుఫానులో ఆ చుక్కను చూసుకుని ఒడ్డు చేరిన ఏడాది కొడుకు పుడితే ఆ పేరే పెట్టాడు నాన్న.

"అది మా అగస్త్యుడేరా" అన్నాను. మా ఊళ్ళో ఆ చుక్క పొడిస్తే వానాకాలపు నీళ్ళు తేటపడతాయంటారు.

"మీ ఋషీ మా చుక్కా ఒకటేనన్నమాట" అని నవ్వాడు. "మా ఊళ్ళో అది సముద్రం అంచున కాసేపు కనపడి మునిగిపోయేది బాబుగారూ. ఇక్కడ చూడండి, ఎంత ఎత్తుకెక్కిందో. మనతోపాటు ఓడెక్కి అదొక్కటే బాగుపడింది."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినదాన్ని దాచుకునే గుణం నాకెప్పుడూ లేదు.

ఎస్టేటు ఓవర్సీరును మావాళ్ళు కులంబరు అనేవారు. తెల్లవారకముందే "కాల్ నంబర్" అని అతను అరిచే అరుపే అతనికి బిరుదైంది. సిడ్నీ నుంచి కొత్తగా గుర్రం తెప్పించుకున్నాడు. నల్లటిది, నుదుట తెల్లమచ్చ. బొటనవేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి, దానికి మంచి పేరు దొరకడం లేదని దిగులుపడ్డాడు. మీ పేర్లలో ఏవేవో అర్థాలుంటాయట కదా అన్నాడు. ఇక నన్ను పట్టేవాడెవడు? అరబ్బు ఓడలు, అగస్త్యుడు, దక్షిణపు చుక్క, అన్నీ ఏకరువు పెట్టాను. ఆ పేరుగల మనిషి మన ఎస్టేటులోనే ఉన్నాడని గొప్పగా చెప్పాను కూడా. కులంబరు నా భుజం తట్టాడు. ఆ పూట నేను నేలమీద నడిచిన గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్న రోల్ కాల్‌లో, అంటే పనికి పంపేముందు పేర్లు పిలిచే చోట, కులంబరు గుర్రమ్మీద వచ్చి చెప్పాడు: ఈ గుర్రం పేరు నేటినుంచి సుహైల్. ఒక ఎస్టేటులో ఒక పేరు ఇద్దరికి ఉంటే గజిబిజి. కాబట్టి ఆ మనిషి నేటినుంచి సామి.

మద్రాసు రేవునుంచి వచ్చినవాళ్ళెవరైనా తెల్లవాళ్ళ నోట సామీయే. కాని అది పేరు తెలియక పిలిచే పిలుపు. ఇది పేరు తెలిసి లాక్కోవడం. పైగా గుర్రపుశాల తలుపుమీద ఆ పేరు తెల్లరంగుతో రాయించాడు. మా లైన్లలో ఏ తలుపుకూ సరైన గడియే ఉండేది కాదు, పేరు సంగతి దేవుడెరుగు. దానికి ఒళ్ళు తోమడానికి ఒక మనిషి, తాగడానికి తొట్టె, జబ్బు చేస్తే లౌటోకా నుంచి పశువుల డాక్టరు. జ్వరంతో వణికే కూలీకి మాత్రం నా సీసా, అందులో ముప్పాతిక నీళ్ళు. గుర్రమ్మీద నాకు కోపం లేదు, ఆ పేరు అదెవరినీ అడిగి తెచ్చుకోలేదు. కాని ఆ తలుపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు రాస్తుంటేనూ మండుతోంది.

సుహైల్ ఆ పిలుపుకు పలకలేదు. కూలీల మేస్త్రీ అయిన సర్దారు "సామీ" అని కేకేశాడు, ఇతను ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు, పలకలేదు. గైరుహాజరు వేశారు. ఆ రోజు తన టాస్కు, అంటే రోజుకు కొలిచి ఇచ్చిన చాలు, మొత్తం కొట్టి వచ్చాడు. అయినా గైరుహాజరే. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే, అలా రెండు వారాలు.

గైరుహాజరు అంటే ఒక్క కూలి పోవడం కాదు. అయిదేళ్ళ ఒప్పందాన్ని మావాళ్ళు గిర్మిట్ అనేవారు. రాని రోజులన్నీ దాని చివర కలిపేవారు. సుహైల్ గిర్మిట్ ఇంకొద్ది వారాల్లో తీరాలి. తీరితే ఖుల్లా, ఎవడి మనిషీ కాడు. భార్య ఖైరున్ నిండు నెలల్లోకి వస్తోంది. ఒకే జహాజులో, అంటే ఓడలో, వచ్చిన అప్పలసామి సబేటో లోయలో కౌలుకు నేల తీసుకుని, పక్కనే వీళ్ళకోసం గుడిసె కూడా వేసి ఉంచాడు. బిడ్డ ఆ గుడిసెలో పుట్టాలి, లైన్లలో పుట్టకూడదు. ఖైరున్ కోరిక అంతే. మా లైన్లలో పుట్టిన పసివాళ్ళలో ఎందరు నడక నేర్చేదాకా ఉండేవారో ఆసుపత్రిలో పనిచేసిన నాకు తెలుసు. ఆ కోరిక ఎంత పెద్దదో కూడా అందుకే తెలుసు.

కులంబరు దగ్గరకు వెళ్ళి చేతులు కట్టుకుని మొరపెట్టుకున్నాను. అతను కోప్పడలేదు, నవ్వాడు. అంత గొప్ప అర్థమున్న పేరు కూలివాడికెందుకు, ఆ సంగతి నువ్వే కదా చెప్పావు, అన్నాడు. నామకరణం చేసినవాడు అతను, నామం పెట్టించుకున్నవాణ్ణి నేను.

సుహైల్‌ను ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, పొద్దున ఒక్కసారి పలికితే ఏం పోయిందిరా అన్నాను.

"అందరూ అదే అంటన్నారు బాబుగారూ" అన్నాడు. "ఓడెక్కకముందు మనల్నుంచిన డిపోలో మా నాన్న ఇచ్చిన దుప్పటి పోయింది. జహాజులో ముంత పోయింది. తిండికాడ ఆచారం పోయింది. ఇదొక్కటే మిగిలింది. బరువు లేదు గందా, అందుకే మునగలేదు."

కట్టు మార్చే వంకతో అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

బదులు చెప్పింది ఖైరున్. పొట్ట పట్టుకుని ఆయాసపడుతూ మెట్లమీద కూర్చుని వింటోంది. "పొద్దున్న ఒక్క మాట ఆడికి పలుకయ్యా. మిగతా పొద్దంతా నేను పిలుస్తానుగా, నాకు పలుకు. ఆడు తలుపుమీద రాసుకున్నాడు. నేను నోట్లో పెట్టుకున్నాను. నా నోట్లోంచి ఎట్టా తీస్తాడు?"

మర్నాడు సర్దారు "సామీ" అన్నాడు. సుహైల్ "హాజిర్" అన్నాడు. ఆ మాట అన్నాక చాలాసేపు అతను తల ఎత్తలేదని పక్కవాళ్ళు చెప్పారు. కులంబరు గుర్రం మెడ నిమిరాడట.

కాని అప్పటికే కలిసిన రోజులు కలిసే ఉన్నాయి. వాటిని కొట్టివేయమని డాక్టరు గారి ద్వారా అడిగించాను. ఎస్టేటు పనిలో తాను తలదూర్చనన్నారాయన. నెలలు నిండేసరికి గిర్మిట్ ఇంకా మిగిలే ఉంది. ఆడపిల్ల పుట్టింది, మా ఆసుపత్రి గదిలోనే. కిటికీలోంచి గుర్రపుశాల కనిపిస్తోంది. బొడ్డు కోసిన మంత్రసాని పిల్ల గట్టిదే అంది. ఖైరున్ గోడవైపు తిరిగి ఏడ్చింది. నా ఉద్యోగంలో చావులు చాలా చూశాను, పుట్టుక చూసి అంత కోపం వచ్చింది అదొక్కసారే. మిగిలిన రోజులు తీరగానే పిల్లను చంకనేసుకుని సబేటో వెళ్ళిపోయారు. పిల్ల బతికిందని, బాగుందని తరవాత కబురొచ్చింది.

ఇక నా సంగతి. లైన్లలో పంతులూ లేడు, ముల్లా లేడు. బిడ్డ పుడితే తల్లులు పేరుకోసం నా దగ్గరకే వచ్చేవారు. నాలుగు తరగతులు చదివినవాడు కనుక కాంపౌండరుకు తిథులూ నక్షత్రాలూ తెలుసునని వాళ్ళ నమ్మకం. నాకు తెలిసిన నక్షత్రం ఒక్కటే. ఆ నెలలో లచ్చమ్మ అనే విజయనగరం మనిషి కొడుకును చంకనేసుకుని వచ్చింది.

"సుహైల్ అని పెట్టు" అన్నాను.

"తురకల పేరు గదా బాబూ" అంది.

"అగస్త్యుడి పేరే. ఊరు మారింది కనక పేరు మారింది. మనకు మారలేదూ?"

లచ్చమ్మ కాసేపు గుర్రపుశాల వైపు చూసింది. విషయం ఆమెకు నాకంటే ముందే తట్టిందనుకుంటాను. "ఇంక అదే పేరు" అంది.

ఆ తరవాత ఎవరొచ్చినా నా చీటీలో ఒకటే మందు. తమిళ తల్లికీ, మలబారు తల్లికీ, హిందుస్తానీ తల్లికీ అదే చెప్పాను. ఆడపిల్లయితే సుహైలా. ఇంటి పేర్లు, దేవుడి పేర్లు వాళ్ళిష్టం, పిలుపు మాత్రం ఇదే. అర్థం అడిగినవాళ్ళకు చుక్క సంగతి చెప్పేవాణ్ణి. ఎక్కువమంది అడగలేదు. కొందరైతే నడిచే పిల్లలక్కూడా పాత పిలుపు మార్చేసుకున్నారు. బందరు రేవులో అరుదైన పేరు మా చెరకు తోటలో గడ్డిలా మొలిచింది.

మూడేళ్ళు పట్టింది. ఒక ఆదివారం కులంబరు బంగళా మెట్లమీద నిలబడి, గుర్రం తెమ్మని సైసుకు, అంటే గుర్రాన్ని చూసే మనిషికి, వినపడేలా దాని పేరు పెట్టి కేకేశాడు. ముఖ్యమైన అతిథి ఎవరో పక్కన ఉన్నారు.

"సుహైల్!"

లైన్ల ముందు మట్టిలో ఆడుకుంటున్న పిల్లలు లేచారు. తల్లులు ఆపలేదు. బట్టలున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ముక్కు కారుతున్నవాళ్ళూ, ఒకడు చెరకు ముక్క నములుతూ, ఒక సుహైలా తమ్ముణ్ణి ఈడ్చుకుంటూ, అందరూ మెట్ల దగ్గరకు చేరి "హాజిర్ సాబ్" అన్నారు. అతిథి గారు పగలబడి నవ్వారు. కులంబరు మళ్ళీ కేకేస్తే మళ్ళీ "హాజిర్ సాబ్". పొమ్మని కసిరితే పోయారు. మర్నాడు పిలిస్తే మళ్ళీ వచ్చారు. ఎవరూ నేర్పలేదు. పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిస్తే రాక ఏం చేస్తాడు?

వారం తిరక్కుండా గుర్రపుశాల తలుపు మీద తెల్లరంగు గీకేశారు. కులంబరు నన్ను పిలిపించి ఇంతమందికి ఈ పేరు ఎలా వచ్చిందని అడిగాడు.

"పెద్దవారు ఇష్టపడి పెట్టుకున్న పేరు సాబ్. జనం మోజుపడ్డారు" అన్నాను.

అయితే గుర్రానికి అలాంటిదే ఇంకో మంచి పేరు చెప్పు, అర్థంతో సహా, అన్నాడు.

మందులిచ్చేవాడు మందు ఎక్కడిదాకా ఇవ్వాలో తెలిసినవాడై ఉండాలి. అది నాకు ఆలస్యంగా వచ్చిన చదువు. చేతులు కట్టుకుని వినయంగా చెప్పాను.

"సరుకు అయిపోయింది సాబ్."