చంద్రవ్వ కట్టిన చీర

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది మాట. చంద్రవ్వ మొగుడు పర్శరాములు పొద్దు పొడిచింది మొదలు దీపాల వేళ దాకా మగ్గం గుంటలోనే ఉండేవాడు. ఆమె పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఇద్దరూ కలిసి ఊరంతా కట్టుకునేటన్ని చీరలు నేసేవారు. ఆమె చీరకు మాత్రం మూడు అతుకులు. ఇదేం విడ్డూరమని అడగకండి! నూలు దశరథం సేటుది, చీరా సేటుదే. వీళ్లకొచ్చే కూలి జొన్నగట్కకే చాలదు.

ఆ ఎండాకాలం పెద్దపల్లిలో చంద్రవ్వ చెల్లెలి పెళ్లి. సరిగ్గా బయలుదేరే పొద్దునే మగ్గం మీంచి కొత్త చీర దిగింది. లేత నీలం చీర, ఎర్రంచు.

“ఒక్క దినమయ్యా! కట్టుకొని, ఉతికి, గంజి పెట్టి, మడతేసి ఇస్త” అంది చంద్రవ్వ.

“సేటుకు ఎరుకైతే నూలు బందువెడ్తడే! మగ్గం ఆగితే ఏం తింటం?” అని పర్శరాములు నెత్తి పట్టుకున్నాడు. అప్పటికే ఆమె కుచ్చిళ్లు పోసుకుంటోంది. చూసి అతను నెత్తి మీది చేతులు దించడం మరిచిపోయాడు. పదహారేళ్లుగా నేస్తున్నాడు, తన చీర తన ఇంట్లో కట్టగా ఎన్నడు చూశాడు గనక!

పెళ్లిలో చంద్రవ్వ కాళ్లు నేల మీద నిలవలేదు. అక్షింతలు వేయబోతుంటే వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు. గుప్పిట్లోని పసుపు బియ్యం కొంగంతా ఒలికిపోయాయి. తిరిగి చూస్తే సేటు భార్య సక్కుబాయి! చంద్రవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఏడ కొన్నవే గీ చీర?”

“మా... మా చెల్లె పెట్టిందమ్మా. కరీంనగర్ల కొన్నరట.”

“నాకు గసొంటిదే కావాలె!”

ఆ మాట సేటు దాకా పోయింది. మూడో రోజు పర్శరాములు ఉతికి, గంజి పెట్టిన చీరతో వెళ్లేసరికి, “నీ పెండ్లాం కట్టిందట, గసొంటి చీర నెయ్యి” అన్నాడు సేటు.

పర్శరాములు మూట విప్పాడు. “మీరు అడుగుతరని ముందుగాల్నే నేసిన సేటూ!”

సేటు మురిసిపోయాడు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలు తలుపేసుకుని కడుపులు పట్టుకుని నవ్వారు.

బతుకమ్మ పండుగకు సక్కుబాయి ఆ చీరే కట్టుకొచ్చింది. చంద్రవ్వను చూసి పెదవి విరిచింది. “మీ ఆయన నేసిండు గని, నీ చీర లెక్క లేదే. నీదే అసలు సరుకు. పండుగ పూట గీ అతుకులది కట్టినవేందే? గా చీర ఏడ పెట్టినవ్?”

నీలం కొంగు మీద, ఎంత ఉతికినా పోని పసుపు చుక్క చంద్రవ్వకు కనబడింది. నవ్వు ఆగలేదు, ఆ నవ్వులోనే ఎందుకో ఏడుపూ వచ్చింది.

“మంచి జాగల్నే ఉన్నదమ్మా, ఫికర్ లేదు” అంటూ సక్కుబాయి కొంగు సర్ది, ఆ చుక్కను మడతలోకి తోసేసి, చప్పట్లు కొడుతూ ఆటలో కలిసిపోయింది.