పదో రోజు లెక్క

నేను రిటైరైన మరుసటి ఏడాది, జూన్ మొదటి శనివారం సాయంత్రం, చెన్నైలోని మా వ్యవసాయ నిపుణుల క్లబ్బు కార్యవర్గంలో సభ్యుడిగా చేరాను. జీతం లేని పని, పై అధికారి లేని పని. అయినా సర్వీసు మొత్తంలో ఏ బదిలీ ఉత్తర్వు చూసినా పడనంత భయం ఆ రోజు పడ్డాను.

మా క్లబ్బులో వ్యవసాయాధికారులు, పశువైద్యులు, భూసార పరీక్షల వాళ్లు, నాలాంటి విత్తన పరీక్షకులు ఉంటారు. నెలకోసారి కలిసి, సందేహాలతో వచ్చే రైతులకు సలహాలిస్తాం. కార్యవర్గంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. పూలదండ, ప్రమాణం లాంటివేవీ ఉండవు. ఉద్యోగంలో తాను చేసిన తప్పుల్లో ఏ ఫైలుకూ ఎక్కనిది ఒకటి పాత సభ్యుల ముందు చెప్పాలి. తన తప్పు తెలియనివాడు రైతుకు సలహా చెప్పకూడదని మా పెద్దల అభిప్రాయం.

నేను తెలివిగా ఒక చిన్న తప్పు సిద్ధం చేసుకుని వెళ్లాను. తేమ శాతం కొలిచే ఓవెన్ ఆపడం మరిచిపోయి నమూనా మాడ్చేసిన కథ. నలుగురూ నవ్వుకుంటారు, పని అయిపోతుంది. షోళింగనల్లూరు నుంచి బస్సులో వస్తూ రెండుసార్లు మనసులో చెప్పుకున్నాను కూడా. చెప్పాల్సిన అసలు తప్పు వేరే ఉందని నాకు తెలుసు.

దాని గురించి చెప్పాలంటే మా పని కొంచెం తెలియాలి. వేరుశనగ విత్తనం మొలక పరీక్షకు నాలుగు వందల గింజలు తీసుకుంటాం. తడి కాగితాల మధ్య వరసగా పేర్చి, చాపలా చుట్టి, మొలక పెట్టెలో నిలబెడతాం. ఐదో రోజు మొదటి లెక్క, పదో రోజు చివరి లెక్క. నూటికి డెబ్బై సరిగా మొలిస్తేనే విత్తనం పాసు. నమూనా మీద కోడ్ నంబరు తప్ప ఊరూ పేరూ ఉండవు.

పద్దెనిమిదేళ్ల కింద, విత్తనాల హడావుడిలో, ఒక నమూనా ఐదో రోజు లెక్కలో డెబ్బైకి చేరలేదు. పదో రోజు ఆదివారం పడింది. మిగతావి ఎలాగూ మొలుస్తాయిలే అనుకుని, శనివారమే డెబ్బై నాలుగని వేసి సంతకం పెట్టి రిపోర్టు పంపేశాను. సోమవారం చుట్టలు విప్పితే మిగిలిన గింజలన్నీ నల్లటి బూజు పట్టి కుళ్లిపోయి ఉన్నాయి. అప్పటికి విత్తనం ఇంకా గోదాములోనే ఉంది. పై అధికారికి ఒక్క ఫోను చేస్తే ఆగిపోయేది. చేయలేదు. చుట్టలు చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కున్నాను. నెల తర్వాత ఆఫీసుకొచ్చిన ఫిర్యాదు కాగితంలో అదే కోడ్ నంబరు, ఆ విత్తనం వెళ్లిన ఊరి పేరు చూశాను. తనిఖీకి వెళ్లిన అధికారి, రైతులు మరీ లోతుగా విత్తారని రాసి ఫైలు మూసేశాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇక ఆ శనివారం సంగతి. కొత్త సభ్యులం ఇద్దరమే. రెండో ఆమె హేమలత, ముప్పై ఏళ్లు ఉండవు, వ్యవసాయాధికారి. అధ్యక్షులు గోవిందరాజులు గారు పశువైద్యుడిగా రిటైరైన పెద్దాయన. మమ్మల్ని పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, "భయపడాకండి, ఈడ మినిట్సులో రాసేదేమీ లేదు. చిన్నోళ్లు ముందు" అన్నారు.

హేమలత తన ఊరి పేరు చెప్పి మొదలుపెట్టింది. ఆ పేరు నాకు తెలుసు. ఫిర్యాదు కాగితంలో చదివిన ఊరే.

ఆమె చెప్పింది ఇది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో వేరుశనగ మొలవలేదని రైతులు మొరపెట్టుకుంటే, సంచిలో మిగిలిన గింజలను పరీక్షకు పంపకుండానే లోతుగా విత్తారని రాసేసింది. తర్వాత తేలింది, విత్తనమే చెడ్డదని. అలా ఎందుకు రాశావని ఎవరూ అడగలేదు గానీ ఆమెకు తెలుసు. మొలవకపోతే తప్పు విత్తనానిది కాదు, విత్తినవాళ్లదని ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న మాటే రాసింది.

"పద్దెనిమిదేండ్ల కింద మాకూ ఒక ఏడు మొలవలేదు సార్. నాయన మడక తోలతా ఉంటే ఎనకాల సాలులో గింజలేసింది మా అమ్మ. సంచికి సర్కారు చీటీ ఉండాది, పాసైన విత్తనం. ఇంక తప్పు ఎవురిది? ఆమె కూలికి విత్తిన చేండ్లు గూడా మొలవలా. అమ్మకు కైరాశి లేదు, ఆ చెయ్యి అచ్చిరాదన్నారు. ఆ పొద్దు నించి మా నాయన ఆమెని విత్తనం తాకనియ్యలా. ఊర్లో కూలికి గూడా విత్తేదానికి ఎవురూ పిలవలా. పావం, పోయినేడు నాయన పొయ్యేదాకా అదే మాట."

తర్వాత నా వంతు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే నేను చొక్కా జేబులోని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఓవెన్ కథ నాలుక చివరే ఉంది. అది చెప్పేస్తే నా మంచి పేరు నాకుంటుంది. ఆ తల్లి చేతికి పడ్డ నింద మాత్రం అలాగే ఉండిపోతుంది. గోవిందరాజులు గారు మంచినీళ్లు ఇమ్మన్నారు. గ్లాసు అందుకుని తాగకుండానే కింద పెట్టేశాను. ఆ అమ్మాయి, ఏమైందని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తగిలాక ఓవెన్ మాట ఎత్తలేకపోయాను.

శనివారం వేసిన అంకె దగ్గర్నుంచి సోమవారం బూజు వరకూ వరసగా చెప్పాను. చివర్న ఊరి పేరూ చెప్పాను. ఆమె మెల్లగా చెయ్యి తీసేసుకుంది.

ఒక్క ప్రశ్నే వేసింది. "శనివారం మీకు తెలీదు, సరి. సోమవారం తెలిసినాక ఎందుకు చెప్పలేదు సార్?"

భయమమ్మా, అన్నాను. అంతకన్నా గౌరవమైన జవాబు నా దగ్గర లేదు. ఆమె నన్ను తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. ఆమె ఫోను తీసి వాళ్లమ్మకు కలిపి, స్పీకరు పెట్టి నా ముందుంచింది. మీరే చెప్పండి, అంది.

ముఖం తెలియని ఆ తల్లితో మళ్లీ మొత్తం చెప్పాను. విత్తనం లోపల్నే కుళ్లిందమ్మా, మీ చేతిలో దోషం లేదు, ఆ చీటీ మీద సంతకం నాది అన్నాను. అవతల కుక్కరు కూత వేసి ఆగింది.

"అట్లనా సామీ" అంది. "ఈ మాట ఆయనుండంగా చెప్పుంటే బాగుండు."

అంతే. శాపనార్థాలు లేవు, క్షమించానన్న మాటా లేదు. హేమలత ఫోను తీసుకుని బయటికి వెళ్లిపోయింది. మరుసటి నెల సమావేశానికి వచ్చింది, నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. ఈనాటికీ అక్కడే కూర్చుంటుంది.

క్లబ్బుకు వచ్చే కొత్త పరీక్షకులకు ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే. పదో రోజు ఆదివారమైనా వెళ్లి చుట్ట విప్పండి. విప్పాక కనబడింది ఆ రోజే చెప్పండి. ఆలస్యంగా చెప్పినా నిజం నిజమే, కానీ దాన్ని వినాల్సిన మనిషి అప్పటికి ఉండకపోవచ్చు.